శబ్దం లేని బండి

కొల్లేటి సీమ ఇకమీదట శబ్దరహిత సీమ అని మంత్రిగారు ఏలూరు సభలో ప్రకటించారు. ఆ చల్లని మాట చెవిన పడనివారు ఒక్కరు కూడా మిగలకూడదన్న పట్టుదలతో పార్టీవారు ఆటోలకు నాలుగేసి మైకులు కట్టి, తాడేపల్లిగూడెం నుంచి గణపవరం దాకా పొద్దస్తమానం తిప్పారు. "శబ్దం చెయ్యకండి! మోత మోగించే సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కిస్తాం!" అని ఆటో అరుస్తుంటే, పాఠం వినపడక బళ్ళు వదిలేశారు.

అది విని వేదవ్యాస్ గుండెల్లో రాయి పడింది.

వేదవ్యాస్ గూడెంలో పౌరోహిత్యం చేసుకుంటాడు. మంత్రం చదివేటప్పుడు తప్ప గొంతు పెంచి ఎరగడు. ఆ లోటంతా అతని మోటారు సైకిలు తీర్చేది. దాన్ని పార్టీ కార్యకర్త చిట్టిబాబు దగ్గర కొన్నాడు. ఎన్నికల ఊరేగింపులకని చిట్టిబాబు ఏనాడో కంపెనీ సైలెన్సరు పీకేసి, వెడల్పాటి గొట్టం బిగించాడు. బండి ఊరి పొలిమేరలో ఉండగానే పెళ్ళివారు, "పంతులుగారొచ్చేస్తున్నారు, కాఫీ కలపండి" అనేవారు. చేపల చెరువులవాళ్ళు మరీ మర్యాద చేసేవారు. గట్టు మీద ఒక్క చుట్టు తిరిగితే చేపల కోసం వాలిన కొంగలన్నీ లేచిపోయేవి. అంచేత వ్రతాలన్నీ కొంగలు వాలే వేళకే పెట్టించుకునేవారు.

ఇప్పుడా బండికి పదిహేనేళ్ళు నిండాయి. ఇన్‌స్పెక్షను గట్టెక్కితేనే రిజిస్ట్రేషను పొడిగిస్తారు. మాఘమాసం ముంచుకొస్తోంది. బండి లేకపోతే కొల్లేటి పల్లెల్లో పెళ్ళిళ్ళన్నీ చేజారిపోతాయి.

ఇన్‌స్పెక్టరు పాండురంగారావుగారు నెమ్మదస్తులు. బండి స్టార్టు చెయ్యమన్నారు. చెయ్యగానే చేతిలోని టీ చొక్కా మీద పడింది. అయినా విసుక్కోలేదు.

"పంతులుగారూ, బ్రేకులు మంచివండీ. లైట్లు మంచివండీ. శబ్దం ఒక్కటే కొంచెం వినపడుతోందండీ."

"కొంచెమేగా అండీ?"

"ఏవండీ? ఏమన్నారు?"

"కొంచెమేగా అని!"

"అదేనండీ నేననేది. కంపెనీ సైలెన్సరు పెట్టించుకుని రండి."

మెకానిక్ నెల్సన్ గొట్టం విప్పి షెడ్డులో ఓ మూల పడేశాడు గాని, సైలెన్సరు మాటకి పెదవి విరిచాడు. "ఈ మోడలుకి ఇప్పుడు దొరకట్లేదండి. ఊరు మొత్తమ్మీద శేషగిరిరావు మాస్టారి బండికే ఉందండి."

శేషగిరిరావుగారు వేదవ్యాస్‌కి చిన్నప్పుడు పాఠం చెప్పిన మనిషి. ఆయన బండి మీద ఇంట్లోవాళ్ళు కూడా చెయ్యి వెయ్యరు. అలాంటిది, శిష్యుడి మొహం చూసి, సైలెన్సరు తనే విప్పి తువ్వాల్లో చుట్టి ఇచ్చారు.

"ఎల్లుండి నా బండికీ ఇన్‌స్పెక్షను ఉందిరా వ్యాసూ. రేపు సాయంత్రానికి తెచ్చిచ్చెయ్యి."

"మాట తప్పనండీ మాస్టారూ."

మర్నాడు బండి పిల్లిలా ఇన్‌స్పెక్షను మైదానంలోకి వచ్చింది. పాండురంగారావుగారు చెవి ఒగ్గి, "స్టార్టు చేశారాండీ?" అని అడిగారు. చేశాడని తెలిశాక పరవశించిపోయారు. "మొట్టమొదటి శబ్దరహిత వాహనం మీదేనండీ! సర్టిఫికెట్టు మంత్రిగారి చేతుల మీదుగా ఇస్తాం. కాసేపట్లో ఇక్కడికే వస్తున్నారు."

అప్పుడే చిట్టిబాబు దిగాడు. వెంట నెల్సన్, నెల్సన్ భుజాన పాత గొట్టం.

"పంతులుగారండీ, మంత్రిగారి కారుకి ముందు నడిచే బండి మీదేనండి. గొట్టం మార్పించేద్దారి."

"ఇప్పుడే పాసయిందండీ!"

"అందుకేనండి. పాసయిన బండికి ఇంకా భయమేంటండి? శబ్దం లేకపోతే మంత్రిగారొస్తున్నట్టు జనానికెలా తెలుస్తుందండి?"

వేదవ్యాస్ ఇన్‌స్పెక్టరు వైపు దీనంగా చూశాడు. ఆయన తన కాయితం మీద టిక్కు పెట్టిన చోటు చూపించారు. "నేను పరీక్షించినప్పుడు శబ్దం లేదండీ. తరవాతది నా పరిధిలోకి రాదండీ." చెట్టు నీడలో కూర్చుని గొట్టం బిగిస్తున్న నెల్సన్‌కి నట్టు కనపడ్డం లేదంటే, తన ఫోను లైటు తనే పట్టారు. విప్పిన మాస్టారి సైలెన్సరుని వేదవ్యాస్ మళ్ళీ తువ్వాల్లో చుట్టి గోడ పక్కన పెట్టుకున్నాడు.

ఊళ్ళో ఉన్న గొట్టాల బళ్ళన్నీ ముందు నడవగా మంత్రిగారు విచ్చేశారు. నిశ్శబ్దం విలువ గురించి చాలాసేపు ప్రసంగించారు. పెదవులు కదలడం అందరూ కళ్ళారా చూశారు.

ఆ తరవాత రోడ్డు రోలరు కార్యక్రమం. అక్కడే చిక్కొచ్చిపడింది. తొక్కించడానికి సైలెన్సర్లు లేవు. మోత మోగించేవన్నీ ర్యాలీలో ఉన్నాయి. మంత్రిగారు జెండా పట్టుకుని నిలబడ్డారు, ఫొటోల వాళ్ళు తొందరపెడుతున్నారు. చిట్టిబాబు చుట్టూ చూశాడు. గోడ పక్కన తువ్వాల్లో తళతళలాడుతూ ఒకటి కనపడింది.

"అది కాదండీ! అది మాస్టారిదండీ!" వేదవ్యాస్ తన బండి ఆపేసి అరిచాడు. మిగతా బళ్ళవాళ్ళు ఆపలేదు. జనాన్ని తోసుకుంటూ అతను వెళ్ళేసరికి సైలెన్సరు అప్పడమైపోయింది. పరుగెత్తుకొచ్చిన లబ్ధిదారుడి ఆత్రానికి మంత్రిగారు కదిలిపోయారు. అక్కడికక్కడే సర్టిఫికెట్టు చేతిలో పెట్టి కావలించుకున్నారు. వేదవ్యాస్ కళ్ళలో నీళ్ళు ఆనందబాష్పాలని పేపర్లు రాశాయి.

ఆ సాయంత్రం అతను మాస్టారింటికి వెళ్ళలేకపోయాడు.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అన్నాడు భార్యతో.

"ఉన్న మొహంతోనే వెళ్ళండి," అంది సుప్రియ. "పొద్దున్నే వెళ్ళండి, ఆయన బయల్దేరకముందే."

పొద్దున్నే బయల్దేరాడు. సెంటర్లో కానిస్టేబులు చెయ్యడ్డం పెట్టి ఆపాడు. సర్టిఫికెట్టు తీసుకుని చదివాడు, మంత్రిగారి సంతకం చూశాడు, సెల్యూట్ కొట్టాడు. "నిశ్శబ్దంగా ఉందండీ మీ బండి!" అని గొంతు చించుకుని అరిచి దారిచ్చాడు.

అప్పుడు కనపడ్డారు మాస్టారు. వ్యాసు సైలెన్సరుని మైదానానికే తెస్తాడేమోనని, ఇంజను ఆపేసి, బండి తోసుకుంటూ వచ్చారు. చొక్కా చెమటకి తడిసిపోయింది. ఇంకో కానిస్టేబులు ఆయనకి చలానా రాస్తున్నాడు.

"స్టార్టే చెయ్యలేదు కదయ్యా, తోసుకొస్తున్నాను," అంటున్నారు మాస్టారు.

"సైలెన్సరు లేదు కదండీ మాస్టారూ. శబ్దం చేసే బండి కిందకే వస్తుందండీ."

వేదవ్యాస్ బండి ఆయన పక్కకి పోనిచ్చాడు. "మాస్టారూ, తప్పు నాదండీ. మీ సైలెన్సరు నిన్న..."

మాస్టారు చెవికి చెయ్యి ఆనించారు. "ఏమిట్రా? బండి ఆపు నాయనా, ఏమీ వినపడట్లేదు."

కానిస్టేబులు చలానా చింపి ఆయన చేతిలో పెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"ఆయన బండి ఆపక్కర్లేదండీ! అది శబ్దం లేని బండి!"