మాయమైన చక్రాల చెక్క

"ఈ పటాన్‌చెరు గడ్డ మీద నేరం చేసినవాడు దాక్కోవడానికి రెండే చోట్లున్నాయి. ఒకటి పాతాళం, రెండోది నా నీడ. నా నీడలో దాక్కుంటే వెంటనే దొరుకుతాడు. పాతాళంలో దాక్కుంటే టిఫిను చేశాక దొరుకుతాడు!"

సైన్సు ల్యాబులో స్టూలెక్కి ఇలా ప్రకటించాడు కామరాజు. వినడానికి అక్కడ ఉన్నది ఇద్దరే. ఒకరు క్రాఫ్టు మాస్టారు లింగం, రెండోది గోడకు వేలాడుతున్న అస్థిపంజరం. అస్థిపంజరం నవ్వుతూనే ఉంది. లింగానికి మాత్రం ఏడుపొస్తోంది.

కామరాజు ఆ హైస్కూల్లో ల్యాబ్ అసిస్టెంటు. ల్యాబులో చెయ్యాల్సిన పని వారానికి రెండు గంటలుంటుంది. మిగతా టైమంతా ల్యాబు వెనక గదిలో కూర్చుని, అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలు చదివి, నేరపరిశోధకుడయ్యాడు. ఇప్పటికి పదకొండు కేసులు పరిష్కరించాడు. అందులో తొమ్మిదింట్లో అసలు నేరమే జరగలేదు. మిగిలిన రెండింట్లో నేరం చేసింది ఆయనే, తెలియక.

"సార్, కిందికి దిగు సార్. తొమ్మిదిన్నర అయింది. పదకొండుకు మేడం వస్తది. నా చెక్క దొరకకుంటే నా బతుకు ఖతం" అన్నాడు లింగం.

లింగం బతుకు నిజంగానే ఆ చెక్క మీద ఆధారపడి ఉంది. ఆ ఏడాది, అంటే తొంభై తొమ్మిదిలో, బడికి మూడు కంప్యూటర్లు వచ్చాయి. వాటికి గది కావాలి. అందరి కళ్ళూ లింగం వడ్రంగి షెడ్డు మీద పడ్డాయి. మూడేళ్ళుగా అక్కడ పీటలు తప్ప ఏమీ తయారు కాలేదని డిప్యూటీ విద్యాధికారి కౌసల్యమ్మ గారు ఒక కాగితం పంపారు. ఆమె తనిఖీకి వచ్చే రోజుకు పిల్లలు చేసిన, చూపించదగ్గ వస్తువు ఒక్కటుంటే షెడ్డు ఉంటుంది. లేకపోతే షెడ్డు కంప్యూటర్లకు, లింగం హత్నూర అవతల ఒక బడిలో ఖాళీగా ఉన్న గుమాస్తా కుర్చీకి. తొమ్మిదేళ్ళు రందతో చెక్క చిత్రిక పట్టిన చేతికి రబ్బరు స్టాంపు ఇస్తారన్న మాట. ఆ కాగితం వచ్చిన రోజు లింగం అన్నం తినలేదు.

అప్పుడు ఆదుకుంది తొమ్మిదో తరగతి ముత్యమ్మ. ఆ పిల్ల తండ్రి మొగులయ్య ఫ్యాక్టరీలో లోడింగు పని చేస్తాడు. విదేశీ మెషీన్లు వచ్చిన పెట్టెల్లో కుక్కిన పాత పేపర్లలో ఆ పిల్లకు ఒక బొమ్మ దొరికింది. ఎవడో కుర్రాడు నాలుగు చక్రాల పొడుగాటి చెక్క మీద నిలబడి కొండ దారిలో జారిపోతున్నాడు. కింద లాంగ్‌బోర్డు అని రాసి ఉంది. "సార్, గిది జేద్దాం" అంది. అదే పెట్టెల పల్చటి చెక్కను ఏడు పొరలుగా అతికించి, పాత ట్రాలీ చక్రాలు బిగించి, రెండు నెలలు కష్టపడి పిల్లలంతా కలిసి చేశారు. నిన్న సాయంత్రం చివరి స్క్రూ పడింది. పొద్దున షెడ్డు తలుపు తీసి ఉంది, చెక్క లేదు.

కామరాజు షెడ్డులోకి అడుగు పెడుతూనే నేల మీద పడుకున్నాడు. తొంభై రెండు కిలోల మనిషి పడుకుంటే షెడ్డు సగం నిండింది. భూతద్దంతో నేలంతా చూసి కెవ్వుమన్నాడు.

"లింగం! నేల మీద తడి మరక! గుండ్రంగా, జానెడు వెడల్పు! అంటే దొంగకు పాదాలు లేవు. కాళ్ళు నేరుగా గుండ్రంగా ముగుస్తాయి!"

"అది బిందె మరక సార్. మన ఆయా నర్సింహమ్మ దినాం ఈడనే పెడ్తది."

"అలా అనుకోవాలనే కదా దొంగ పన్నాగం!" అని కామరాజు లేచి, మూలనున్న మిగులు చెక్కల దగ్గరికి దూకాడు. ఆ పెట్టె చెక్కల మీద నల్ల రంగుతో ఒక గొడుగు, ఒక గ్లాసు, పైకి చూపే రెండు బాణాలు అచ్చేసి ఉన్నాయి. ఆయన ముఖం పాలిపోయింది.

"ఇది మామూలు దొంగతనం కాదు లింగం. అంతర్జాతీయ ముఠా! గొడుగు అంటే చీకటి వ్యవహారం. గ్లాసు అంటే విషం. బాణాలు అంటే మనిషిని పైకి పంపించడం. రెండు బాణాలున్నాయి కాబట్టి ఇద్దరిని. ఒకడివి నువ్వు!"

"వానల తడ్పొద్దు, పగిలే సామాను, గీ దిక్కు పైకుండాలె. గంతే సార్. మందుల ఫ్యాక్టరీల పెట్టెలన్నిటి మీద గిదే ఉంటది."

"రెండోవాడు ఎవరా అని ఆలోచిస్తున్నాను" అన్నాడు కామరాజు, వినిపించుకోకుండా.

ఇంతలో ముత్యమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి గానీ బుర్ర మాత్రం పనిచేస్తోంది. "సార్, పొద్దుగాల షెడ్డు తాళం తీసేది నర్సింహమ్మవ్వ గద. ఆమెను అడుగుదాం. నీళ్ళ లైన్ల ఉంటది" అంది.

లింగం తల బాదుకున్నాడు. ఈ మాట తనకు తట్టకుండా గంటసేపు ఈ మహానుభావుడి వెంట తిరిగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. కామరాజు మాత్రం, "అనుమానితుల జాబితాలో మొదటి పేరు నేను చెప్పబోతుండగా నువ్వు చెప్పావు" అని ముత్యమ్మ భుజం తట్టాడు.

బడి గేటు నుంచి రెండు వందల అడుగులు ఎత్తెక్కితే నీళ్ళ ట్యాంకరు ఆగే చోటు. అక్కడి బావుల్లో నీళ్ళు ఒక్కో రోజు ఒక్కో రంగులో ఉంటాయి కాబట్టి తాగడానికి ట్యాంకరే దిక్కు. అది ఎప్పుడొస్తుందో డ్రైవరుకు కూడా తెలియదు. అంతసేపు ఎండలో ఎవరు నిలబడతారు? అందుకని తమ వంతుకు గుర్తుగా ఒక్కొక్కరు ఒక్కో వస్తువు పెట్టి, ఎదురుగా రేకుల షెడ్డు నీడలో కూర్చుంటారు. రాయి ఒకరిది, చెప్పు ఒకరిది, పగిలిన బకెట్టు ఇంకొకరిది. ఆ వస్తువు ఆక్రమించిన చోటు ఆమెది. దాన్ని కదిలిస్తే యుద్ధమే. ఇది ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. కామరాజుకు తెలియదు. ఆయన తండ్రి భీమవరం వైపు నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. కాలనీ క్వార్టరులో కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి.

"ఆగు లింగం!" అన్నాడు గొంతు తగ్గించి. "మనుషులు ఒక్కరూ లేరు. కానీ చూడు... ఎడమకాలి చెప్పు, రాయి, బకెట్టు, మళ్ళీ చెప్పు, డబ్బా. అన్నీ ఒకే వరుసలో! ఇది ముఠా వాళ్ళ సంకేత లిపి!"

"అయ్యో సార్, ముట్టకు! అది లైను..."

అప్పటికే ఆలస్యమైంది. కామరాజు మొదటి చెప్పు, రెండో చెప్పు, ఒక రాయి సంచీలో వేసుకున్నాడు. "సాక్ష్యాలు!" అని గర్జించి ముందుకు కదిలాడు. వరుస మధ్యలో నాలుగు ఖాళీ బిందెలు పక్కపక్కనే, కింద గోనెపట్టా పరిచి ఉన్నాయి. గోనెపట్టా అంచున ఒక ఇటుక.

"అన్నీ వరుసలో ఉంటే ఈ ఇటుక ఒక్కటే పక్కకు ఎందుకుంది? ఈ కేసు గుట్టు ఈ ఇటుక కిందే ఉంది!" అని వంగాడు.

"ఓ సారూ! నా చెప్పు ఏడికి కొంటవోతున్నవ్?" రేకుల షెడ్డు నీడలోంచి మల్లవ్వ కేక వేసింది. ఆమె వెనకాలే పదిహేను మంది ఆడవాళ్ళు లేచారు. "నా రాయి! పొద్దుగాల అయిదు గొట్టంగ వచ్చి పెట్టిన రాయి! పట్టుర్రి వాన్ని!" అని అరిచింది ఇంకొకామె.

మల్లవ్వ వచ్చి సంచీ పట్టి లాగింది. కామరాజు ఇటుక పట్టుకుని లాగాడు. ఇటుక ఊడి వచ్చింది. అంతే, పట్టు తప్పి వెనక్కి పడి, నాలుగు బిందెల మధ్య గోనెపట్టా మీద చతికిలబడ్డాడు. బిందెలు నాలుగు దిక్కులకూ దొర్లిపోయాయి. గోనెపట్టా జారిపోయింది. ఇటుక అడ్డు పోవడంతో దాని కిందున్నది కదిలింది.

"సార్! మన చెక్క!" అని అరిచింది ముత్యమ్మ.

చెక్క అప్పటికే పల్లంలోకి దిగింది. దాని మీద కామరాజు కూర్చున్న భంగిమలోనే, ఒక చేతిలో ఇటుక, ఒళ్ళో చెప్పుల సంచీతో బడి వైపు దూసుకుపోతున్నాడు. "లింగం! నన్ను ఎత్తుకుపోతున్నారు లింగం! రెండో బాణం నేనే!"

లింగం పరుగెత్తాడు. నిజం చెప్పాలంటే కామరాజు కోసం కాదు. లారీలు తిరిగి గుంతలు పడ్డ రోడ్డు అది. ప్రతి గుంత దగ్గరా ఆ చెక్క కిందికి వంగుతోంది, మళ్ళీ పైకి లేస్తోంది. ఇప్పుడు విరుగుతుంది, ఇప్పుడు విరుగుతుంది అనుకుంటూ పరుగెత్తాడు. ఏడు పొరల్లో ఒక్క పొర కూడా విడిపోలేదు.

దారికి అడ్డంగా ఒక బర్రె నిలబడి ఉంది. "కుడి దిక్కు ఒరుగు సార్! ఒరుగు!" అని అరిచింది ముత్యమ్మ. కామరాజుకు ఆ మాట వినిపించిందో లేదో గానీ, బర్రె కళ్ళు చూసి భయంతో కుడి పక్కకు ఒరిగిపోయాడు. ఆయన ఒరిగిన వైపుకే చెక్క తిరిగింది. బర్రె తోక పక్కనుంచి వంపు తిరిగి వెళ్ళిపోయింది.

లింగం ఉన్నచోటే ఆగిపోయాడు. చక్రాలకూ చెక్కకూ మధ్య రబ్బరు ముక్కలు పెడితే బరువు పడిన వైపు తిరుగుతుందని ఆ పిల్ల రెండు నెలలు వాదించింది. తిరగదని తను రెండు నెలలు కొట్టిపారేశాడు. అయినా ఆ పిల్ల పట్టుబట్టి పెట్టింది. ఓడిపోయినందుకు అంత సంతోషం ఆయనకు జన్మలో ఎప్పుడూ కలగలేదు.

బడి గేటు ముందు అప్పుడే జీపు ఆగింది. కౌసల్యమ్మ గారు దిగారు. పక్కనున్న ఇసుక కుప్పలో చెక్క దిగబడింది. కామరాజు నెమ్మదిగా లేచి, చొక్కా దులుపుకుని, ఇటుకతోనే సెల్యూట్ చేశాడు.

"మేడం, అంతర్జాతీయ ముఠా చేతుల్లోంచి చోరీ సొత్తును ప్రాణాలకు తెగించి స్వాధీనం చేసుకున్నాను."

వెనకనుంచి రొప్పుతూ నర్సింహమ్మ వచ్చింది, చంకలో సొట్టపోయిన బిందెతో. "చోరీ ఏంది సార్? పొద్దుగాల నీకు జెప్పే తీసుకపోతి గద! ల్యాబుల కండ్లు మూసుకొని కూసున్నవ్. 'సార్, చెక్క పట్టుకపోతున్న' అంటే 'కానివ్వు, కానివ్వు' అంటివి."

"ఆ చెక్కతో నీకేం పని నర్సింహమ్మా?" అన్నాడు లింగం.

"ఇటుక పెడితే ఒక్క బిందె జాగనే ఇస్తున్నరు సార్. బడి పిల్లలకు నాలుగు బిందెలన్న గావాలె గద. ఇది పొడుగుంది, నాలుగు బిందెల జాగ పట్టింది. ఒక్కతి గూడ నోరు లేపలే."

"ఆలోచనా సమాధిలో ఉన్నప్పుడు ఇచ్చిన అనుమతి చట్టం ముందు చెల్లదు" అన్నాడు కామరాజు. ఎవరూ పట్టించుకోలేదు.

కౌసల్యమ్మ గారు చెక్కను తిరగేయించి, అంచులన్నీ వేలితో తడిమి చూశారు. "ఈయన బరువెంత?"

"తొంభై రెండు కిలోలు మేడం."

"బర్రె దగ్గర ఎలా తిరిగింది? నేను కళ్ళారా చూశాను."

లింగం ముత్యమ్మను ముందుకు తోశాడు. "తిరగదని నేనన్న మేడం. తిరుగుతదని ఈ పిల్ల అన్నది. గా రబ్బరు ఆలోచన దీనిదే. పని పిల్లలందరిది. నేను రంద పట్టుడు చూపిచ్చిన, గంతే." మిగతాదంతా ముత్యమ్మ పది నిమిషాలు ఆపకుండా చెప్పింది.

మేడం ఫైలు తీసి, షెడ్డు అప్పగించాలన్న వాక్యం మీద అడ్డంగా గీత గీశారు. లింగం కళ్ళు తుడుచుకున్నాడు, అందరి ముందే. తర్వాత ఆమె హెడ్మాస్టరు వైపు తిరిగారు. "మరి కంప్యూటర్లకు ఇంకేదైనా గది ఉందా?"

"ల్యాబు వెనక ఒకటుంది మేడం. అందులో కామరాజు గారు... ఆలోచిస్తుంటారు."

"ఆలోచన ఎక్కడైనా చెయ్యొచ్చు" అని ఆమె రాసేశారు.

మధ్యాహ్నం మూడింటికి కామరాజు తన కుర్చీ, నవలల కట్ట, పదకొండు కేసుల ఫైళ్ళు మోసుకుంటూ వచ్చి వడ్రంగి షెడ్డులో దింపాడు. "ఇకపై నా కార్యాలయం ఇక్కడే లింగం. నీకు రక్షణ కూడా" అన్నాడు. లింగం దక్కించుకున్న షెడ్డులో సగం కామరాజుకు పోయింది.

లింగం తలుపు వైపు తిరిగాడు. గుమ్మంలో మల్లవ్వ, ఆమె వెనక లైను మొత్తం నిలబడి ఉంది. "సారూ, నాకు గూడ గసుంటి చెక్క జెయ్యి. నాది ఆరు బిందెలది" అంది మల్లవ్వ. "నాది ఎనిమిది" అంది వెనకామె. ఆ లెక్కన రేపటి నీళ్ళ లైను గడ్డపోతారం ఊరి దాకా పోతుందని లింగానికి అర్థమైంది. అయినా ముత్యమ్మ అప్పటికే పల్చటి చెక్కలకు జిగురు పూసి ఒకదాని మీద ఒకటి పేర్చింది. అవి అతుక్కునే దాకా పైన కదలని బరువేదైనా ఉండాలి.

లింగం చుట్టూ చూశాడు. చూపు కామరాజు మీద ఆగింది.

"కుర్చీ ఎందుకు సార్, గా చెక్కల మీద కూసో" అన్నాడు ఎంతో మర్యాదగా. "నీ అసుంటోళ్ళు కూసోనీకె గదే మంచి జాగ."

కామరాజు హుందాగా కూర్చుని, నవల తెరిచాడు. "ఎంతసేపు కూర్చోవచ్చు లింగం?"

"జిగురు ఆరేదాక సార్" అన్నాడు లింగం. "రేపు పొద్దుగాల లేపుత."