బడిగోడ మీద ముఖం లేని మనిషి

పొద్దున్నే వరహాలరావు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మర్నాడు ఇనస్పెక్టరు గుర్రమెక్కి అనంతగిరి దారిలో మాస్టారు బడి నడిపే గూడేనికి వస్తున్నాడు. "బడంటే మీ పిల్లలకేమనిపిస్తోందో నేను మళ్లీ వచ్చేసరికి తేల్చు. లేకపోతే ఏజెన్సీ దొరగారితో చెప్పి బడి ఎత్తేయిస్తాను" అని పోయినసారే బెదిరించాడు. బడి పోతే మాస్టారి కూడూ పోతుంది. పిల్లలేమో అడిగితే నోరు విప్పరు. అందుకని తలా ఒక బొగ్గుముక్క ఇచ్చి, "మన బడి ఎలాగుంటాదో గోడమీద గియ్యండర్రా" అని, అలవాటు ప్రకారం నల్లబల్ల వైపు తిరిగి లెక్కలు రాయసాగాడు.

బయట ముసురు. తలుపులోంచి మంచు లోపలికి వస్తోంది. గోడమీద బొగ్గు గీస్తున్న చప్పుడు కాసేపు వినిపించి, ఉన్నట్టుండి ఆగిపోయింది. మాస్టారు వెనక్కి తిరిగాడు.

గోడనిండా బడి బొమ్మలే. ప్రతి బొమ్మలోనూ పిల్లల ముందు ఒక పొడుగాటి నల్లటి ఆకారం. చేతిలో కర్ర, వెనకాల వేలాడే తోక. ముఖం మాత్రం లేదు. ఇంకా ఘోరం, ఏ బొమ్మలోనూ మాస్టారు లేడు!

"ఎవర్రా ఇది?"

పిల్లలు ఆయన వంక ఓసారి చూసి తలలు వంచేసుకున్నారు.

"ఎక్కడుంటాది?"

ఏడేళ్ల కనక నల్లబల్ల వైపు చూపించింది. "అక్కడే బాబూ. రోజూ."

మాస్టారు నల్లబల్ల దగ్గర్నుంచి ఒక్క గెంతు గెంతాడు. రోజూ తాను నిలబడేది అక్కడే! గబగబా తడిగుడ్డ తెచ్చి గోడ తుడిచాడు. తుడిచినకొద్దీ ఆకారాలన్నీ కలిసిపోయి, గోడంత నల్లటిది ఒకటే తయారైంది. పిల్లలు కెవ్వుమని ఇళ్లకు పరుగెత్తారు.

మధ్యాహ్నానికి బడిలో దెయ్యముందన్న కబురు గూడెమంతా పాకింది. పై గూడెం చేరేసరికి ఆ దెయ్యం మాస్టార్ని మింగేసింది కూడా. చూసిపోదామని వచ్చినవాళ్లకు మాస్టారే తలుపు తీసి, "నేను బతికే ఉన్నానర్రా" అంటే ఒక్కరూ నమ్మలేదు.

మర్నాడు గూడెంలో పూజలు చేసే దిసారి సుక్రు కోడిపుంజును చంకన పెట్టుకుని వచ్చాడు. అతను కనకకు తాత. దెయ్యం వదిలేదాకా పిల్లల్ని పంపేది లేదని తల్లులు తేల్చేశారు. సరిగ్గా అప్పుడే మంచులోంచి గుర్రం ఊడిపడింది. ఇనస్పెక్టరు దిగి చూస్తే బడినిండా జనం, మధ్యలో కోడి.

"అదెక్కడుందో సూపెట్టే, గుంటా!" అన్నాడు దిసారి.

కనక వేలెత్తింది. సూటిగా మాస్టారి మీదికి. మాస్టారు చప్పున పక్కకు జరిగాడు. వేలూ జరిగింది. మాస్టారు వెళ్లి ఇనస్పెక్టరు వెనక నక్కాడు. వేలు మెల్లగా ఇనస్పెక్టర్ని చుట్టి వచ్చి మళ్లీ మాస్టారి మీదే ఆగింది. దిసారి చేతిలోంచి కోడి జారిపోయింది.

"నా వీపుమీదుందా, తల్లీ?" మాస్టారు ఏడుపు గొంతుతో అడిగాడు.

"కాదు బాబూ. అది నువ్వే."

"నేనా! మరా తోకేటి?"

"నీ తలపాగా కొస."

"ముఖమేదే మరి?"

"మాకేటి తెలుసు? నువ్వెప్పుడూ బల్లకేసే సూత్తావు. మాకేసి ఎప్పుడు సూసినావు?"

మాస్టారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పిల్ల అన్నది అక్షరాలా నిజం. పిల్లలు కళ్లప్పగించి చూస్తుంటే పాఠం మరిచిపోతానన్న భయంతో, వచ్చినప్పటి నుంచీ ఆయన నల్లబల్లకే పాఠాలు చెబుతున్నాడు.

ఇనస్పెక్టరు నవ్వు ఆపుకుంటూ, "మొత్తానికి పిల్లలకేమనిపిస్తోందో తేలిందయ్యా! బడి ఉంచుతాను. ఇకనైనా ఇటు తిరిగి చెప్పు. వచ్చే నెల మళ్లీ బొమ్మలు వేయించు" అని గుర్రమెక్కాడు.

మాస్టారు పిల్లల వైపు తిరిగాడు. మరుసటి నెల బొమ్మల్లో ఆయనకు కళ్లు, ముక్కు, మీసం, తెరిచిన నోరు అన్నీ వచ్చాయి.

గోడ చూసిన దిసారి సుక్రు, "దీనికిప్పుడు నోరు కూడా వచ్చేసినాది!" అంటూ పరుగెత్తి వెళ్లి, ఈసారి రెండు కోళ్లు తెచ్చాడు.