పొగ లేని ఊరి బోనం

ఆ శ్రావణ ఆదివారం లచ్చమ్మ వేసుకున్న లెక్క చాలా చిన్నది. తలస్నానం చేయాలి, కొత్త కుండలో బోనం వండాలి, పొద్దు నడినెత్తికి రాకముందే పోచమ్మకు అప్పజెప్పి రావాలి. అడ్డం వచ్చింది పొయ్యి ఒక్కటే.

గార్ల పక్కనున్న ఆ ఊరికి ఎండాకాలంలో అధికారి జగన్మోహన్ వచ్చాడు. భూమి వేడెక్కుతోందట, కట్టెల పొయ్యి పొగ కూడా అందుకు కారణమట. ఇంటికో కరెంటు పొయ్యి ఉచితంగా ఇస్తారు గానీ, ముందు మట్టి పొయ్యి పగలగొట్టాలి. జగన్మోహన్ ఆ ఊరి అల్లుడే. నలుగురికీ ఆదర్శంగా ఉండాలని అత్తగారి పొయ్యినే మొదట పగలగొట్టించాడు. అల్లుడి మాట తీసేయలేక ఊరంతా గడ్డపారలు పట్టింది.

ఉచితం వచ్చాక ఖర్చు మొదలైంది. అడుగు గుండ్రంగా ఉన్న గిన్నెలు దాని మీద నిలబడవు, కొత్తవి కొన్నారు. పాత వైరు కాలిపోయింది, కొత్తది వేయించారు. సర్కారు ఉచిత పథకం వల్ల ఎప్పుడూ సున్నా వచ్చే కరెంటు బిల్లుకు అంకెలు మొలిచాయి. గ్యాసు ధర పెరిగినప్పటి నుంచి ఊళ్లో ఖాళీ బండలు కూర్చోవడానికే పనికొస్తున్నాయి. చివరికి లచ్చమ్మ పెంచిన మేకపోతు సంతకు పోయింది.

"ఫుకట్ల వచ్చిన పొయ్యి నా మేకను మింగింది. పులి నయం, ఒక్కనాడు తిని పోతది," అని ఆమె రోజూ మొగుడు ఆగయ్యను దెప్పేది.

ఆగయ్య బోనం కుండను కరెంటు పొయ్యి మీద పెట్టి మీట నొక్కాడు. పొయ్యి కుయ్‌కుయ్‌మని ఆరిపోయింది.

"కుండను గుర్తువడ్తలేదే."

"గుర్తువట్టనీకి అదేమన్న చుట్టమా?"

"ఇనుముంటెనే వేడైతదట. జర ఆగు."

కుండ కింద రొట్టెల పెనం పెట్టాడు. పెనం ఎర్రగా కాలింది, కుండ టప్పుమని పగిలింది, నీళ్లు పొయ్యిలోకి దిగాయి, వీధి మొత్తానికి కరెంటు పోయింది. పోచమ్మ బియ్యం నేలపాలయ్యాయి.

లచ్చమ్మ మళ్లీ బియ్యం కొలుచుకుంది. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్న రెండో కుండను చంకన పెట్టుకుని, పంచాయతీ ఆఫీసు ముందరే మూడు రాళ్లు పేర్చింది.

"ఈడనే వండుత. పొయ్యిలు పలగ్గొట్టిపిచ్చినోళ్లకు కనవడాలె."

ఇంటింటా అదే గోస. ఆడవాళ్లందరూ తలా ఒక కుండ, తలా మూడు రాళ్లతో వచ్చి బారులు తీరారు.

వారం రోజులుగా ముసురు. ఎండుకట్టె కోసం ఊరంతా తిరిగిన ఆగయ్యకు పంచాయతీ వసారాలో పొడిగా ఉన్నది ఒక్కటే కనిపించింది. ఆ రోజే ఆవిష్కరించాల్సిన 'పొగ లేని ఊరు' బోర్డు. దాని చెక్క చట్రం విరిచి తెచ్చాడు. దాంతో నిప్పంటించి, పైన తడికట్టెలు పేర్చారు. ఆ పొగకు గార్ల కాకులు దారి తప్పి ఎక్కడో దూరాన మహదేవపూర్‌లో తేలాయంటారు.

ఆవిష్కరణకు వచ్చిన జగన్మోహన్‌కు బోర్డు కనపడలేదు, ఊరూ కనపడలేదు. "ఎవరది? ఇచ్చిన పొయ్యిలన్నీ వాపస్ తీసుకుపోతా," అన్నాడు దగ్గుతూ.

"తీస్కపో అల్లుడా," అంది లచ్చమ్మ. "నా మేకపోతును తోల్కొచ్చి తీస్కపో. భూపాలపల్లి దిక్కు బొగ్గు కాలవెట్టి గీ కరెంటు జేస్తరు గద, గా పొగ చల్లగుంటదా?"

జగన్మోహన్ నీళ్ల బకెట్ అందుకున్నాడు. పొగలోనే తడుముకుంటూ పోయి మొదటి పొయ్యి మీదికి ఎత్తాడు. గాలికి పొగ పక్కకు జరిగింది. కళ్లు ఎర్రబడి, పుట్టింటి బోనానికి నిప్పు ఊదుతూ కూర్చున్నది అతని భార్య అమూల్య.

"నీళ్లు పొయ్యి," అంది ఆమె. "మా అవ్వ పొయ్యి పలగ్గొట్టిపిస్తివి, గిది గూడ ఆర్పు. పోచమ్మకు ఏం జెప్పాల్నో నువ్వే పోయి జెప్పు."

జగన్మోహన్ బకెట్ కింద పెట్టాడు. తర్వాత ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నేల మీద చతికిలపడి, ఊదడం మొదలుపెట్టాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే బోనాలన్నీ కదిలాయి. ఊళ్లో పాత మట్టి పొయ్యి ఒక్కటి కూడా మిగల్లేదని జగన్మోహన్ సాయంత్రం పైఅధికారులకు ఫోన్‌లో చెప్పాడు.

అది నిజమే, ఉన్నవన్నీ ఆ పొద్దున పెట్టినవే.