స్టీఫెన్ వాకిట్లో టెంటు

క్యాథరిన్ వకీలు. కరీంనగర్‌లో తక్కిన వకీళ్లు పొలం తగాదాలు పట్టుకుంటే, ఆమె దత్తత కాగితాలు, దుబాయ్‌లో ఉన్న భర్తల దగ్గరికి భార్యాపిల్లలను పంపే వీసా కాగితాలు పట్టుకుంది. "మనుషులను కలిపే పనే అవ్వా," అంటుంది. "మంది సంసారాలల్ల జొరబడే పని," అంటుంది తల్లి మగ్దలేనమ్మ.

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. స్టీఫెన్, ఏంజెల్ దంపతుల ఇంటికి పదకొండు గంటలకు దత్తత ఆఫీసరు అనసూర్య వస్తుంది. ఇల్లు చూసి, నాలుగు మాటలడిగి రిపోర్టు రాస్తుంది. ఏడేళ్లుగా ఎదురుచూస్తున్న వాళ్లకు పాప దక్కేదీ లేనిదీ ఆ రిపోర్టు మీదే ఉంది.

"ఇల్లు ఎప్పటిలెక్కనే ఉంచుండ్రి, ఆగం గాకుండ్రి," అని వాళ్లకు ఫోన్లో చెప్పి, క్యాథరిన్ తల్లి వైపు తిరిగింది. "అవ్వా, గీ ముచ్చట ఒక్కరికన్న చెప్పినవో, నా నల్లకోటు నీకే తొడిగి జడ్జి ముంగట నిలబెడ్త."

"నేనెందుకు చెప్త బిడ్డా!"

మగ్దలేనమ్మ మాట తప్పే మనిషి కాదు. కానీ ఆఫీసరు కంట్లో బొద్దింక పడితే? ఏంజెల్ కళ్లు తిరిగి పడితే? తల్లి అన్నాక చెడు ముందే తోచాలి, మంచికి తొందరేముంది! రహస్యం బయటపడకూడదు, ప్రార్థన ఆగకూడదు. చర్చి స్త్రీల సంఘం కార్యదర్శి మమతారాణికి ఫోన్ చేసింది.

"స్టీఫెన్ ఇంట్ల పదకొండు గంటలకు పెద్ద గండమున్నదే. ఏందని అడుగకు. జర ప్రార్థన జెయ్యుండ్రి."

"అయ్యో, స్టీఫెన్‌కేనా?"

"నేనేం చెప్పలే!" అని ఏడుపు గొంతుతో పెట్టేసింది.

ఏమీ చెప్పకపోతే ఊహించుకోవడమే కదా మిగిలింది! మొదట విన్నామె గుండె ఆపరేషన్ అనుకుంది. రెండో ఆమె అది ఫెయిలైందనుకుంది. సంఘంలో ఎవరు పోయినా టెంటు, కుర్చీలు తెప్పించే బాధ్యత అబ్రహాంది. ఆయన ఆలస్యాన్ని సహించడు. పదకొండుకు ఐదు నిమిషాల ముందే స్టీఫెన్ వాకిట్లో టెంటు లేచింది; సంఘం ఆడవాళ్లంతా ఏడుస్తూ వచ్చారు, వాళ్ల వెనకే మగ్దలేనమ్మ.

చప్పుడుకు స్టీఫెన్ తలుపు తీశాడు. "అబ్రహామన్నా, గీ టెంటు ఎవరికే?"

అబ్రహాం పూలదండ వీపు వెనక దాచాడు. "నీకే తమ్మీ. గిట్ల లేచి తిరుగుతున్నవని మాకెవరు చెప్పలే."

మనిషి బతికే ఉన్నాడని ముప్పై మంది ఆడవాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు. సరిగ్గా అప్పుడే జీపు ఆగింది. ముందు అనసూర్య, వెనక క్యాథరిన్ దిగారు. క్యాథరిన్ కళ్లు నేరుగా తల్లిని వెతికాయి. తల్లి మమతారాణి వెనక నక్కింది.

"ఎవరు పోయిండ్రు?" అంది అనసూర్య.

"ఎవ్వరు పోలే మేడం. వీళ్లు... మావోళ్లు," అంది ఏంజెల్, ఏడవడానికి సిద్ధంగా.

మగ్దలేనమ్మ ఉండబట్టలేక ముందుకొచ్చింది. "తప్పు నాది మేడం! నా మీది కోపంతోని వీళ్లకు పాపను ఇయ్యకుంట పోకుండ్రి!"

పాప అన్నమాట టెంటు కిందంతా పాకింది. ఆ వెంటనే, ఉయ్యాల ఎవరివ్వాలో, నీళ్లెవరు పోయాలో కొట్లాట మొదలైంది.

అనసూర్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫైలు విప్పింది. "రేపు మీకేమన్న అయితే పాపను ఎవరు చూస్తరు? గీ ప్రశ్న కాడ మస్తుమంది నీళ్లు నములుతరు."

తలెత్తి చూస్తే ముప్పై చేతులు లేచి ఉన్నాయి. అబ్రహాం చెయ్యి దండతో సహా లేచింది.

అనసూర్య రిపోర్టులో ఆ ప్రశ్నకు అరపేజీ జవాబు రాసుకుని వెళ్లింది. కొన్ని నెలలకు పాప ఇంటికొచ్చింది.

ఆ వారమే క్యాథరిన్ ఆఫీసుకు రెండు కొత్త జంటలు వచ్చి, తమ ఇంటికి ఆఫీసరు వచ్చే రోజు వకీలమ్మ తల్లి ఖాళీగా ఉంటుందా అని అడిగాయి.