సీసాకి ఎన్ని చెంచాలు

మా ఆయన మీద నాకు ఒక్కటే ఫిర్యాదు. ఇంట్లో మాట్లాడరు. ప్రకటిస్తారు.

మామూలు మగవాళ్ళు "ఉప్పు తక్కువైంది" అంటారు. మా ఆయన గొంతు సవరించుకుని, కుర్చీలోంచి సగం లేచి, "సంకటిలో ఉప్పు కొరత మా దృష్టికి వచ్చింది" అంటారు. ఆయన పేరు తెఫో రాంపై. రూయ్‌ద్రిఫ్ పట్టణానికి మేయరు. పదిహేను మంది కౌన్సిల్లో ఎనిమిది మంది ఆయన వైపు, ఏడుగురు అవతల. ఆ ఎనిమిది మందిలోనూ నాలుగు పార్టీలు. అందులో ఒక్కరు అలిగి లేచిపోయినా మేయరు గొలుసు మెడలోంచి దిగిపోతుంది, ఆయన ఇంటికి వచ్చేస్తారు.

ఈ చివరి ముక్క పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఆయన పదవి మీద నాకే వ్యామోహమూ లేదు. ఆయన ఇంటికి రావడమే నా దిగులు. పోయిన డిసెంబరులో కౌన్సిల్‌కి మూడు వారాలు సెలవిచ్చారు. మొదటి వారం నా వంటింటి డబ్బాలన్నీ అక్షర క్రమంలో సర్దారు. రెండో వారం పెరట్లో కోళ్ళతో వార్డు సభ పెట్టారు. మూడో వారం గడియారం పట్టుకుని, నా స్నానానికి ఎంతసేపు పడుతోందో రాయడం మొదలెట్టారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం చర్చిలో ఆయన ప్రభుత్వం నిలవాలని ప్రార్థిస్తున్నాను. అందరూ నన్ను పతిభక్తి గల ఇల్లాలంటారు.

ఆగస్టులో (మా దేశంలో అది చలికాలం) ఒక పొద్దున, సంకటి గిన్నె ముందు ఆయన సగం లేచారు. మా భాషలో ఆడవాళ్ళని మర్యాదగా "మ్మే" అంటారు, ఇంట్లో నన్నూ ఆయన అలాగే పిలుస్తారు.

"మ్మే, రూయ్‌ద్రిఫ్ మున్సిపాలిటీ తన సొంత బీరును వచ్చే నెల వారసత్వ దినోత్సవం నాడు జాతికి అంకితం చేయబోతోంది. ప్రావిన్స్ మంత్రిగారు స్వయంగా మొదటి మూత తీస్తారు."

"బీరు ఎవరు కాస్తారు?"

"నువ్వు."

"నన్ను అడగలేదే."

"నిన్న ఏకగ్రీవంగా తీర్మానించాం. కాపీ నీకు పోస్టులో వస్తుంది."

నేను బట్టలుతికే గదిలో పదకొండేళ్ళుగా బీరు కాస్తున్నాను. బార్లీ మాల్టు, చేదుకి హాప్స్ పువ్వులు, పులియడానికి ఈస్టు, ఓపిక. పెళ్ళిళ్ళకీ, ఖననం తర్వాత కన్నీళ్ళు తుడుచుకునే విందులకీ మా వీధంతా నా సీసాలే. గురువారం ప్రార్థన సంఘం ఆడవాళ్ళు మాత్రం ముట్టరు. ఖాళీ సీసాలు చక్కగా కడిగి పంపిస్తారు, అంతే.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పులిసి నిలకడకొచ్చిన బీరును సీసాల్లో పోసేటప్పుడు, సీసాకి ఒక చెంచా పంచదార, అంచుకి సమంగా. ఈస్టు ఆ పంచదార తిని గ్యాసు వదులుతుంది. మూత బిగించి ఉంటుంది గనక ఆ గ్యాసు ఎటూ పోలేక బీరులోనే కలుస్తుంది. రెండు వారాలు వెచ్చగా ఉంచి మూత తీస్తే బుస్సుమంటుంది. పంచదార తక్కువైతే చప్పటి కషాయం. ఎక్కువైతే బాంబు.

సీసాల్లో పోసే రోజున కూటమి మొత్తం మా ఇంటికి వచ్చింది. స్పీకరు మ్మే పులేంగ్ ఒక పార్టీ. రైతుల పార్టీ తరఫున ఉన్న ఒకే ఒక్క సభ్యుడు మెనీర్ ఫూరీ, అంటే ఫూరీగారు, టోపీ చేత్తో పట్టుకుని, ఎప్పుడైనా వెళ్ళిపోగలనన్నట్టు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. భక్తుల పార్టీ నుంచి పాస్టర్ ఖాబిసి. నాలుగో పార్టీ మా ఆయన.

నేను పంచదార గిన్నె తెచ్చి, చెంచా తీశాను.

"ఆగండి" అంది మ్మే పులేంగ్. "ఆ చెంచా ఏ పార్టీది?"

"మా అత్తగారిదమ్మా."

"అంటే మేయరుగారి పార్టీది. కూటమి ఒప్పందంలో ఏముంది? ప్రజలకు అందే ప్రతి తీపిలోనూ నలుగురికీ సమాన వాటా అని ఉంది."

"అయితే చెంచాలో పావు వంతు చొప్పున వేయండి" అన్నాను.

ఫూరీ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. "పావు చెంచా పార్టీ అని రేపు ఊళ్ళో నన్ను పిలుస్తారు. నేను వెళ్తున్నా."

మా ఆయన పరిగెత్తి ఆ టోపీ తీయించారు. "మెనీర్ ఫూరీ, మీది నిండు చెంచా. అందరిదీ నిండు చెంచానే."

"పాస్టర్‌గారూ, మీరు బీరు తాగరు కదా?" అనడిగాను.

"తాగం తల్లీ. మహాపాపం" అన్నాడాయన. "కానీ మా చెంచా మేం వదులుకోం. వేయడం వేరు, తాగడం వేరు."

"సీసాకి నాలుగు చెంచాలు వేస్తే పగిలిపోతాయి. ఒక్క చెంచా చాలు."

మా ఆయన నా వైపు ఎంతో గౌరవంగా చూశారు. "మా సాంకేతిక సలహాదారు అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాం. ఆమెకు ఓటు లేదు."

నూట ఇరవై సీసాలు. ఒక్కో సీసాకి నాలుగు చెంచాలు, నాలుగు ఫొటోలు. ప్రజాస్వామ్యం ఇంత తియ్యగా ఉండగా నేనెన్నడూ చూడలేదు.

సీసాల్ని ఎక్కడ ఉంచాలన్నది రెండో సమస్య. వెచ్చటి చోటు కావాలన్నాను. కరెంటు పోయినా జనరేటరు మీద హీటరు నడిచే గది ఊరు మొత్తానికి ఒక్కటే ఉంది. అది కౌన్సిల్ హాల్లో మేయరు కుర్చీ వెనక గది. సీసాలు ఆసుపత్రికి కూడా వెచ్చదనం లేని ఆ చలికాలాన్ని అక్కడ సుఖంగా గడిపాయి.

తొమ్మిదో రోజున ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. ఆ ఏడుగురికీ కావలసింది ఒక్క చెయ్యి. ఫూరీ పొద్దున్నుంచీ తన కుడి చేతిని అదేదో కొత్తగా కొన్నట్టు చూసుకుంటున్నాడు. నేను గ్యాలరీలో కూర్చుని, మా ఇంటి స్నానాల గది తలుపుకి కొత్త గొళ్ళెం ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తున్నాను.

"తీర్మానానికి అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి" అంది స్పీకరు మ్మే పులేంగ్.

ఏడు చేతులు లేచాయి. ఎనిమిదోది భుజం దాకా వచ్చింది.

మేయరు కుర్చీ వెనక ఢామ్మని మొదటి సీసా పేలింది. దాని వెనకే రెండోది. ఆ తర్వాత లెక్క లేదు. క్షణంలో సభ మొత్తం బల్లల కిందికి చేరింది. తలుపు సందులోంచి నురగ హాల్లోకి నడిచొచ్చింది.

బల్ల కిందనుంచే స్పీకరు తల కొంచెం పైకెత్తి చూసింది. "ఎత్తిన చేతులు ఒక్కటీ కనబడటం లేదు. తీర్మానం వీగిపోయింది."

మా ఆయన ఒక్కరే కుర్చీలో కదలకుండా ఉన్నారు. మర్నాడు పత్రికలు ఆయన గుండె నిబ్బరాన్ని మొదటి పేజీలో మెచ్చుకున్నాయి. మేయరు గొలుసు కుర్చీ చేతికి చిక్కుకుందని నేనెవరికీ చెప్పలేదు. దేశానికి వీరులు అవసరం.

విచారణ సంఘం వేశారు. నాలుగు రోజుల్లో నివేదిక వచ్చింది: సీసాలు లోపలినుంచి బయటికి పగిలాయి, కారణం ఒత్తిడి. అంతే, అప్పటిదాకా చెంచా కోసం ప్రాణమిచ్చినవాళ్ళకి చెంచా అంటే చేదైంది. నా రెండో పీపా బీరు సిద్ధమయ్యేసరికి వరసగా ఉత్తరాలు వచ్చాయి. "విశాల కూటమి ప్రయోజనాల దృష్ట్యా ఈసారి మా చెంచాను మిత్రపక్షాలకు త్యాగం చేస్తున్నాం" అని మ్మే పులేంగ్ పార్టీ. రైతుల పార్టీ త్యాగం చేసింది. భక్తుల పార్టీ ప్రార్థనతో సహా త్యాగం చేసింది. మా ఆయన అందరికన్నా పెద్ద అక్షరాలతో త్యాగం చేశారు.

"మరి పంచదార ఎవరు వేస్తారు?" అనడిగాను.

"మిత్రపక్షాలు" అన్నారు నలుగురూ.

"పోనీ, నేను వేయనా?"

"నీకు ఓటు లేదు కదా మ్మే" అని మా ఆయన గుర్తుచేశారు.

ఎవరూ పంచదార వేయలేదు. వేయలేదని రుజువుగా ప్రతి మూత మీదా నాలుగు పార్టీలూ నాలుగు లక్క ముద్రలు వేశాయి. నేను చేసేది లేక, సీసాలకి దుప్పటి కప్పి ఊరుకున్నాను.

వారసత్వ దినోత్సవం వచ్చింది. షామియానా, డప్పులు, కొత్త బట్టలు. మా ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడి, మున్సిపల్ బీరును నాలుగు నదుల సంగమంతో పోల్చారు. మంత్రిగారు భారీ మనిషి, దాహం మీదున్నారు. లక్క గీకి, మూత తీశారు.

నిశ్శబ్దం.

ఆ వెంటనే "బుస్స్‌స్" అని గట్టిగా వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు సీసా వైపు చూసి, పక్కకి చూసి, మైకు పట్టుకుని బుగ్గలు పూరించిన సమాచార అధికారి వైపు చూశారు.

"ఈ శబ్దం సీసాలోంచి రాలేదే."

"సమాచార శాఖ నుంచి వచ్చిందండి" అన్నాడతను, ఎంతో వినయంగా.

మంత్రిగారు ఒక గుక్క తాగారు. ఆ ముఖంలో ముందు ఆశ్చర్యం, తర్వాత సానుభూతి కనిపించాయి. "ఇది బార్లీ కషాయం. బీరులో గ్యాసు లేదు. పంచదార వేయాల్సింది ఎవరు?"

మ్మే పులేంగ్ ఫూరీని చూసింది. ఫూరీ పాస్టర్‌ని చూశాడు. పాస్టర్ ఆకాశాన్ని చూశాడు. మా ఆయన ముగ్గుర్నీ చూశారు.

"మేయరుగారి నాయకత్వ లోపం" అంది మ్మే పులేంగ్.

"వాళ్ళే వేస్తారనుకున్నాం" అన్నాడు ఫూరీ, టోపీ నెత్తిన పెట్టుకుంటూ. "నేను అవతలి పక్షానికి వెళ్ళిపోతున్నా. సోమవారం ఆ అవిశ్వాసం మళ్ళీ పెట్టమనండి."

"దేవుడు నాకూ అదే చెబుతున్నాడు" అన్నాడు పాస్టర్.

మా ఆయన నా కుర్చీ దగ్గరికి వంగారు. మొహం పాలిపోయింది. అయినా ఆయన ధైర్యం ఆయనకుంది.

"దిగులు పడకు మ్మే. పదవి పోతే పోయింది. సోమవారం నుంచి రోజంతా ఇంట్లోనే ఉంటాను. నీ వంటింటికి ఒక పంచవర్ష ప్రణాళిక నా మనసులో ఎప్పటినుంచో ఉంది. మొదట ఆ కూరల కత్తులు..."

ఆయన మాట పూర్తికాక ముందే నేను లేచాను. సమాచార అధికారి చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"మంత్రిగారూ, ఈ పెద్దల తప్పు ఏమీ లేదండి" అన్నాను. ఫూరీ చెయ్యి టోపీ మీదే ఆగింది. "నాలుగు చెంచాలూ కాదు, సున్నా చెంచాలూ కాదు, సీసాకి ఒక్క చెంచా చాలని పదే పదే చెప్పి వీళ్ళని తికమక పెట్టింది నేనే. తప్పు నాది."