మేం పోయాం, ఇక పాలు వద్దు

విట్బీ వెళ్ళే బస్సు సోమవారం పొద్దున్న పది గంటలకి. తొమ్మిదిన్నరకల్లా హిల్డా పెట్టె సర్దేసి, టోపీ పెట్టుకుని, కోటు బొత్తాలు కూడా పెట్టేసుకుంది. తొమ్మిదేళ్ళ తరవాత సముద్రం చూడబోతోంది. ఆ వారం రోజులూ భర్త క్లిఫర్డ్ నోట "ఆ రోజుల్లో" అన్న మాట రాకుండా ఉంటే చాలు, ఆవిడకింకేమీ అక్కర్లేదు.

డెబ్భై ఆరేళ్ళ క్లిఫర్డ్‌కి ఆ రోజుల జబ్బు పట్టి చాలా కాలమైంది. ఆ రోజుల్లో బొగ్గతను బస్తా వీపున మోసుకొచ్చి నేలమాళిగలో కుమ్మరించేవాడు. గురువారం సోడా సీసాల లారీ, శుక్రవారం చేపల బండి. పాతబట్టలిస్తే బుడగ ఇచ్చే గుర్రబ్బండివాడు సరేసరి. వినీ వినీ హిల్డాకి ఆ గుర్రం పేరు కూడా కంఠతా వచ్చేసింది. నెల కిందట ఊళ్ళో ఎవరో మళ్ళీ గాజు సీసాలతో ఇంటింటికీ పాలు వేస్తున్నారంటే, పోనీ దీంతోనైనా నోరు మూస్తాడని ఒప్పుకుంది. జబ్బు తగ్గకపోగా ముదిరింది. రోజూ పొద్దున్నే పైజమాతో గుమ్మంలో నిలబడి, ఆ రెండు సీసాలనీ మనవల్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

"పాలు ఆపమని చెప్పావా?" అంది హిల్డా.

"అదే, చీటీ రాస్తున్నా."

"చీటీ ఏమిటయ్యా? ఫోనులో మీట నొక్కితే అయిపోతుందని ఆ పాల వ్యానావిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది కదా!"

"మీట నొక్కడానికి ఇదేమన్నా లిఫ్టా? ఆ రోజుల్లో మా అమ్మ..."

"బస్సు!"

"...చీటీ చుట్టి ఖాళీ సీసా మూతిలో దూర్చేది. పాలవాడు చదువుకునేవాడు. ఒక్కనాడైనా పొరపాటు జరిగిందా?"

సిరా కలం తీసి, నాలిక చివర బయటపెట్టి, క్లిఫర్డ్ ఒకే వరసలో రాశాడు: "విట్బీకి మేం పోయాం. ఇక పాలు వద్దు, ఆదివారం దాకా."

భుజం మీంచి హిల్డా చదివింది. "పోయాం ఏమిటి? ఇంకా ఇక్కడే ఏడుస్తున్నాంగా?"

"ఆవిడ చదివేసరికి పోయే ఉంటాం. రాయడం తెలియాలి హిల్డా," అంటూ చీటీ చుట్టి ఖాళీ సీసా మూతిలో దూర్చి మెట్టుమీద పెట్టాడు.

ఇంకో పది నిమిషాలు హిల్డా సెల్‌ఫోను దగ్గర పోయాయి. సెలవులకి వెళ్ళేవాళ్ళు ఫోను పట్టుకెళ్ళడమేమిటి, ఆ రోజుల్లో ఎవరైనా పట్టుకెళ్ళారా అని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. బస్సు పోతుందన్న భయంతో ఆవిడ ఫోనుని బల్లమీద పడేసి బయల్దేరింది. ఊరెళ్తున్నట్టు వీధిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే పక్కింటి మేవిస్ తనూ వస్తానని బయల్దేరుతుంది మరి.

విట్బీలో గది బాగుంది. కిటికీ తెరిస్తే సముద్రం. కానీ కిటికీ పక్కన క్లిఫర్డ్ ఉన్నాడు. మంగళవారం ఓడరేవు చూస్తూ చేపల బండి గురించి చెప్పాడు. బుధవారం కొండమీది మెట్లెక్కుతూ, ఆయాసపడుతూ కూడా బొగ్గు గురించే చెప్పాడు. రాత్రి హిల్డా దిండు కింద తల పెట్టుకుని పడుకుంది.

గురువారం ఫలహారం దగ్గర ఆవిడకి హఠాత్తుగా అనుమానం వచ్చింది. వంటింట్లో పొయ్యి ఆర్పిందా, లేదా? చేతిసంచీలో చిన్న పుస్తకం తీసి, మేవిస్ నంబరు వెతికి, వసతిగృహం ఫోనులోంచి చేసింది. కిటికీలోంచి ఒక్కసారి తొంగిచూడమంటే పోతుంది కదా అనుకుంది.

"ఎవరూ?" అంది మేవిస్ ఏడుపు గొంతుతో.

"నేనే, హిల్డాని."

అవతల పెద్ద కేక. ఏదో కింద పడ్డ చప్పుడు. తరవాత వణుకుతున్న గొంతు: "ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావే తల్లీ?"

"విట్బీ నుంచి. ఎందుకలా కేకలేస్తున్నావ్?"

"విట్బీయా! నువ్వు బతికే ఉన్నావా? ఆగవయ్యా! ఆపండి, ఆపండి! చచ్చినావిడ ఫోన్లో ఉంది!"

ఫోన్లోంచి చెక్క విరిగిన చప్పుడు హిల్డాకి స్పష్టంగా వినిపించింది. ఆ చప్పుడు తన ఇంటి తలుపుదేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మేవిస్ ఊపిరి తీసుకుని చెప్పుకొచ్చింది. మంగళవారం వ్యానావిడ ఖాళీ సీసాలు తీసుకుని, మూతిలో ఉన్న కాగితం ఏమిటో తెలియక మెట్టుమీదే వదిలేసి, దానిమీదే నిండు సీసా పెట్టిపోయింది. ఆమెకి ఏ ఇంటికి ఎన్ని అన్నది ఫోను చెబుతుంది, సీసా చెప్పదు. బుధవారానికి సీసాలు నాలుగయ్యాయి. నిండు సీసాలు రెండో రోజు కూడా గుమ్మంలోనే ఉన్నాయంటే ఆ వీధిలో అర్థం ఒక్కటే: లోపలి మనిషి ఇక లేచి రారని. మేవిస్ వెళ్ళి తలుపు బాదింది. తను ఫోను చేస్తే లోపల హిల్డా సెల్‌ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ తియ్యలేదు. ఈ రోజుతో సీసాలు ఆరు. అప్పుడు కాగితం కంటబడింది. అంచులు వానకి కొట్టుకుపోయి, సీసా కింద ఉన్న మధ్య మాటలే మిగిలాయి: "మేం పోయాం. ఇక పాలు వద్దు." వెంటనే కానిస్టేబుల్ని పిలుచుకొచ్చి తలుపు పగలగొట్టిస్తుండగా ఈ ఫోను వచ్చింది.

"పోయినవాళ్ళు చీటీ ఎలా రాస్తారే, నీకు బుద్ధుందా?" అని అరిచింది హిల్డా.

"మీ ఆయన రాస్తాడు! ముందే రాసి దగ్గర పెట్టుకుంటాడు. పాలు ఆపకుండా పోయే మనిషేనా?"

మేవిస్ అక్కడితో ఆగలేదు.

"నిన్నట్నుంచీ వీధంతా మీకోసం సంతాపంగా పరదాలు మూసుకుని చీకట్లో కూచున్నాం, తెలుసా? పైగా కర్మకాండ విందుకి హామ్ కూడా చెప్పేశాను. రెండు పెద్ద పంది కాళ్ళు! దాన్నిప్పుడు నేనేం చేసుకోను? ఊరెళ్తున్నానని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

బతికున్నందుకు క్షమాపణ చెప్పుకోవలసి వస్తుందని హిల్డా ఏనాడూ అనుకోలేదు. చెప్పుకుంది. ఈలోగా కానిస్టేబులు ఫోను అందుకున్నాడు.

"అమ్మా, బాటమ్లీని మాట్లాడుతున్నాను. తలుపు ఇప్పుడు నిలబడే స్థితిలో లేదు. ఎవరో ఒకరు వచ్చి ఇల్లు చూసుకోవాలి. మీరు పోలేదని కూడా రాసుకోవాలి."

"ఎవరో ఒకరు చాలా? లోపల పొయ్యి ఆరి ఉందా?"

"చాలమ్మా. పొయ్యి ఆరిపోయే ఉంది."

హిల్డా ఫోను పెట్టి, బల్ల దగ్గరికొచ్చి, సంగతంతా చెప్పింది. క్లిఫర్డ్ ముఖం పాలిపోయింది. కాఫీ సగంలోనే వదిలి లేచాడు.

"పద, సర్దు. మధ్యాహ్నం బస్సుకి పోదాం."

హిల్డా కిటికీలోంచి చూసింది. మూడు రోజుల వాన వెలిసి ఎండ వచ్చింది. సముద్రం తళతళలాడుతోంది. ఒళ్ళు మండిపోయింది ఆవిడకి.

"నేనెందుకు పోతాను? సీసాలు నువ్వు తెప్పించావ్. చీటీ నువ్వు రాశావ్. ఫోను నువ్వు ఇంట్లో పెట్టించావ్. నేను బతికే ఉన్నానని మేవిస్ చెవులారా వింది. నువ్వెళ్ళి కనబడు."

"ఒక్కణ్ణేనా?"

"ఆ రోజుల్లో మగాళ్ళు ఒక్కళ్ళే వెళ్ళేవాళ్ళు."

అతను వెళ్ళాడు. ఆ సాయంత్రం హిల్డా ఇసుకలో కుర్చీ వేసుకుని కూచుంది. కెరటాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చేపలూ బంగాళాదుంప వేపుడూ తింటుంటే, చేపలు ఎవరి బండిమీద వచ్చాయో ఎవరూ చెప్పలేదు. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇంత రుచిగా ఎప్పుడూ తినలేదనిపించి, ఆవిడకి కాస్త సిగ్గు కూడా వేసింది.

శనివారం పొద్దున్న వసతిగృహానికి ఫోనొచ్చింది. క్లిఫర్డ్ గొంతు నీరసంగా ఉంది.

"తలుపు బిగించారు హిల్డా. కానీ ఈ మేవిస్‌ని భరించలేకపోతున్నా. హామ్ ఖర్చవ్వాలని మూడు పూటలా పట్టుకొస్తుంది. కూచుంటే లేవదు. వాళ్ళ నాన్న కాలంలో రొట్టెల బండి, వాళ్ళ తాత కాలంలో కత్తులు సానపట్టేవాడు... ఆపదే మనిషి! ఎంతసేపని వింటాం, ఆ పాత సోది? నేను వచ్చేస్తున్నా."

"రాకు," అంది హిల్డా.

"ఎందుకని?"

"రేపు పొద్దున్న గుమ్మంలో సీసాలు తియ్యకపోతే వీధివాళ్ళు మళ్ళీ పరదాలు మూస్తారు. కొత్త తలుపు కూడా విరగ్గొడతారు."

అవతల మేవిస్ గొంతు దగ్గరపడుతున్నట్టు వినిపించింది, ఫోను ఆగిపోయింది.

హిల్డా వసతిగృహం యజమానురాలి దగ్గరికి వెళ్ళి, గది ఇంకో వారానికి ఉంచమని చెప్పింది.