టమాటకు మర్యాద నేర్పిన విధం

ఎమ్మిగనూరులోని మా కాలనీ, ఒక కుక్కపిల్లకు మర్యాద నేర్పబోయి, తానే మర్యాదలో పట్టణానికి తలమానికంగా నిలిచిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. దాని పేరు టమాట. పత్తికొండ మార్కెట్టు నుంచి వచ్చిన టమాట బుట్టలో, పండ్ల మధ్య ముడుచుకుని పడుకుని దొరికింది గనుక ఆ పేరు. దాన్ని ఎత్తుకొచ్చి పాలు పట్టింది మల్లేశ్వరి. మర్యాద నేర్పించాలని నిశ్చయించింది మాత్రం ఆమె భర్త ఉచ్చీరప్ప. ఆయన మా వార్డు నాయకుడు. పదవి ఇంకా రాలేదు కాబట్టి ప్రజాసేవ మీద శ్రద్ధ ఎక్కువ.

కారణం లేకపోలేదు. పార్టీ పెద్దాయన ఆ ఇంటికి భోజనానికి రాబోతున్నారు. టమాట ఆయన పంచె పట్టి లాగిందంటే, ఉచ్చీరప్పకు రావలసిన టికెట్టు పక్క వీధికి పోతుంది.

వెంటనే ఆదోని నుంచి రూత్ మేడంను పిలిపించారు. పోలీసు కుక్కలను గోడ అవతలి నుంచి గమనించిన విశేషానుభవం ఆమెది. నల్లకళ్లద్దాలు, విజిలు, సంచి నిండా బిస్కెట్లు. అరచెయ్యి పైకెత్తి "కూర్చో" అనాలి, కూర్చున్న వెంటనే బిస్కెట్టు ఇవ్వాలి. ఇదీ మొదటి పాఠం.

"ఒక్కదాన్నే కూర్చోబెడితే బెదురుతాదప్పా. తోడుగా ఎవరన్నా కూర్చోవల్ల" అన్నది మేడం.

ఉచ్చీరప్ప అనుచరులు తోడు కూర్చున్నారు. టమాట కంటే ముందే వాళ్లకు పాఠం వచ్చేసింది. రంగన్నైతే బిస్కెట్టును నోటితోనే అందుకున్నాడు. మేడం అతని వీపు నిమిరి, ఇంత చురుకైన శిష్యుణ్ణి తన వృత్తిలో చూడలేదని ప్రకటించింది. కాలనీ వాళ్లకు రోషం వచ్చింది. రంగన్నకు వచ్చింది తమకు రాదా అని, పనులు మానుకుని వాళ్లూ తరగతికి హాజరయ్యారు.

ఇంతలో కాలనీ కొళాయిలు ఎండిపోయాయి. ఆడవాళ్లు బిందెలతో ఉచ్చీరప్ప గుమ్మం ముందు నిలబడ్డారు.

"యాడప్పా నీళ్లు? పిల్లోల్ల గొంతులు ఎండిపోతాండాయి!" అని ఉరుకుందమ్మ గట్టిగా అడిగింది.

ఉచ్చీరప్ప అరచెయ్యి పైకెత్తాడు. అందరూ కూర్చున్నారు. ఉరుకుందమ్మ కూడా బిందె పక్కన పెట్టుకుని కూర్చుంది. బిస్కెట్లు పంచారు. ఎండిన గొంతులో బిస్కెట్టు దిగడం కష్టమే గానీ, క్రమశిక్షణ ముందు అదెంత?

పెద్దాయన రానే వచ్చారు. టమాట మెడలో దండతో గుమ్మం పక్కన బొమ్మలాగా కూర్చుంది. ఆయన ముచ్చటపడి భోజనం ముగించి, జనం ముందుకొచ్చి చెయ్యెత్తారు. అందరూ కూర్చున్నారు.

"ఈ కాలనీ దాహం నా దాహం! మీ కొళాయిలు నా రక్తనాళాలు! అతి త్వరలో ఇక్కడ గంగ పొంగుతుంది!"

చప్పట్లు మోగాయి. టమాట ఆ చేతి వైపు చూసింది. అందులో ఏమీ లేదు. రెండో చెయ్యీ చూసింది. అందులోనూ లేదు. అప్పుడు మొరిగింది. మేడం విజిలు ఊదింది. మొరుగు ఆగలేదు.

"దీనికేం కావాల్నంట?" అన్నారు పెద్దాయన.

"నీళ్లు" అన్నది లోపలి నుంచి మల్లేశ్వరి. "పొద్దట్నుంచి దాని గిన్నెలో సుక్క లేదు. ఉన్నవన్నీ మీ వంటకు, మీ కాళ్లు కడుక్కునేదానికి పోసేసినాము."

జనం సిగ్గుతో తలలు దించుకున్నారు. నీళ్లు లేనందుకు కాదు, అతిథి ఎదుట ఆ మాట అన్నందుకు. సభ్యత లేని కుక్కను ఊరికి దూరంగా, కృష్ణగిరి అవతల వదిలేయాలని అక్కడికక్కడే తీర్మానించారు. తీర్మానాన్ని బలపరిచింది ఉరుకుందమ్మ.

"దాన్ని యాడ వదుల్తారో నన్నూ ఆడే వదలండి" అన్నది మల్లేశ్వరి.

ఉచ్చీరప్ప కాసేపు ఆలోచించాడు. భార్య అలిగి పోయినా తిరిగి వస్తుంది, టికెట్టు పోతే రాదు. అందుచేత పెద్దాయనకు తాంబూలం అందించాడు. మల్లేశ్వరి టమాటను కొంగులో చుట్టుకుని, నందవరంలో ఉన్న అక్క ఇంటికి ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆటో వెళ్లాక ఆయన గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాడు. దుమ్ము కళ్లలో పడిందని అందరితో చెప్పాడు.

టికెట్టు వచ్చింది. పెద్దాయన ప్రచారానికి మళ్లీ వచ్చి, అదే గంగను మళ్లీ పొంగించారు. ఈసారి బిస్కెట్ల ఖర్చు కూడా లేకుండా సభ ప్రశాంతంగా ముగిసింది. కిక్కురుమన్న ప్రాణి లేదు. ఇదంతా మీకు చెప్పడమెందుకు? ముందు వరసలో కూర్చుని చప్పట్లు మొదలుపెట్టింది మీరే కదా!